ఇరువదియైదవ వంతు బండి

చేతిపనుల ప్రదర్శనమునకు ఏ వస్తువును చేసి తెత్తురని యడిగినచో, మన బాలురలో పెక్కుమంది మోటారుబండి యనియే చెప్పుదురు. బండి యనగా వారి మనస్సున మెదలునది రంగు, వేగము, హారను చప్పుడు. ఈ కోరికను మేము తృణీకరింపలేదు. బాలుని యాసక్తి యెచ్చట నున్నదో పాఠము నచ్చటనే ప్రారంభింపవలెనని మా యనుభవము. కావున మా చేతిపనుల తరగతిలో ఒక చిన్న సరకుల ట్రక్కు నమూనాను, అమెరికా యువకులు హాట్ రాడ్ అని పిలుచు పద్ధతిలో మార్చి చేయించితిమి. దానిని చేయు విధమును, అందులకు వలసిన గణితమును, తుదకు మేము తలపెట్టకయే యది మాకు నేర్పిన యొక సంగతిని ఈ వ్యాసమున వివరించెదము.

1. హాట్ రాడ్ అననేమి?

హాట్ రాడ్ అనునది ఏదో యొక కంపెనీ చేసిన బండి పేరు కాదు. పాతబండిని స్వహస్తములతో మార్చుకొను నొక పద్ధతికి అది పేరు. హెన్రీ ఫోర్డు గారి కంపెనీ 1908 మొదలు 1927 వఱకు మోడల్ టి యను కారును కోటి యేబది లక్షలకు పైగా చేసెను. దాని యింజను బలము 20 అశ్వశక్తులు మాత్రమే. 1925వ సంవత్సరమున ఆ కారునకే వెనుకభాగమున చిన్న సరకుల తొట్టిని కార్ఖానాలోనే యమర్చి, 281 డాలర్ల వెలకు అమ్మసాగిరి. ఫోర్డు కార్ఖానానుండి సిద్ధముగా వెలువడిన పికప్ ట్రక్కులలో నిదియే మొదటిది. 1932వ సంవత్సరమున అదే కంపెనీ యెనిమిది సిలిండర్ల వి-8 ఇంజను గల కారును సామాన్యుల కందుబాటులోనుండు వెలకు తెచ్చెను.

ఇట్టి బండ్లు పాతబడినకొలది చౌకగా దొరకుచుండుటచే, దక్షిణ కాలిఫోర్నియాలోని యువకులు వానిని కొని, మడ్గార్డులు మొదలగు అనవసరపు బరువును తీసివైచి, ఇంజను బలమును పెంచి, మ్యూరాక్ మున్నగు ఎండిన చెఱువుల చదును నేలలపై పందెములు వేయుచుండిరి. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘమేర్పడి ఆ పందెములకు ఒక క్రమమును కల్పించెను. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ గారు హాట్ రాడ్ అను పేరుతోనే యొక మాసపత్రికను వెలువరించిరి.

ఈ పద్ధతిలో ముఖ్యమైన మార్పులు నాలుగు. కప్పును మోయు కమ్ములను కొంతమేర కోసి కప్పును క్రిందికి దించుట మొదటిది. దీనిని చాపింగ్ అందురు. బండి తొట్టిని ఛాసిస్ మీద నిలుపక, దాని యిరుప్రక్కల దిగునట్లు తొలిచి క్రిందికి అమర్చుట రెండవది, ఇది ఛానలింగ్. ముందుభాగము వెనుకభాగముకంటె కొంచెము వంగియుండునట్లు చేయుట మూడవది. మడ్గార్డులను తీసి, వెనుక పెద్దచక్రములను ముందు చిన్నచక్రములను వేయుట నాలుగవది. రంగులును అగ్నిజ్వాలల చిత్రములును వీని తరువాత వచ్చు అలంకారములు మాత్రమే.

ఇది మనకు బొత్తిగా క్రొత్తవిద్య యని యెంచరాదు. కార్ఖానానుండి ఛాసిస్ మాత్రముగా వచ్చిన లారీకి గుంటూరు, విజయవాడల ఆటోనగరులలో మనవారే తొట్టిని కట్టుచున్నారు. వడ్రంగియు, ఇనుపపనివాడును, రంగులు వేయువాడును కలసి దానికి రూపము నిచ్చుచున్నారు. ప్రత్తిబేళ్ళు మోయు బండికి ఒక తీరు, మిరపబస్తాలు మోయు బండికి ఒక తీరు. అమెరికా యువకుడు పందెముకొఱకు చేసినదానిని మన పనివాడు పొట్టకూటికొఱకు చేయుచున్నాడు. పని మాత్రము ఒక్కటియే.

2. కొలత

నమూనాకు ప్రాణము కొలత. కంటికి నచ్చినట్లు చెక్కినది బొమ్మయగును గాని నమూనా కాదు. మేము ఇరువదియైదవ వంతు కొలతను గైకొంటిమి. అమెరికాలో ఏ.ఎం.టి. అను కంపెనీ 1958 నుండి, ఒకే పెట్టెలోని భాగములతో మూడు రీతులుగా కూర్చదగిన కారు నమూనాలను ఈ కొలతలోనే యమ్మెను. అందుచే నమూనాకారులలో నిది బాగుగా వాడుకయం దున్నది.

మోడల్ టి బండికి ముందు ఇరుసునుండి వెనుక ఇరుసువఱకు 100 అంగుళములు. దీనిని 25చే భాగింపగా సరిగా 4 అంగుళములు వచ్చును. కుడియెడమ చక్రముల నడిమి దూరము 56 అంగుళములు, నమూనాలో 2.24 అంగుళములు. చక్రపు టెత్తు 30 అంగుళములు, నమూనాలో 1.2 అంగుళములు. మొదట ఈ కొలతలతో గళ్ళ కాగితముమీద ప్రక్కచూపు, పైచూపు, ఎదుటిచూపు అను మూడు పటములను గీయవలెను. పటము తప్పినచో చెక్క తప్పును. మా తరగతిలో మొదటి రెండు వారములును పటములకే సరిపోయినవి. “రంగు ఎప్పుడు వేస్తామండీ?” అని బాలురు దినదినము నడుగుచుండిరి.

3. నిర్మాణము

చెక్కకొఱకు కృష్ణానది కావలనున్న కొండపల్లివారి మార్గమును మేమనుసరించితిమి. అచ్చటి బొమ్మలపనివారు తెల్లపొణికి యను మిక్కిలి తేలికైన కఱ్ఱను వాడుదురు. అది మెత్తనిదగుటచే చిన్న కత్తికి సైతము లొంగును. పచ్చికఱ్ఱను వాడరాదు, తడి యారిన పిదపనే చెక్కవలెను, లేనిచో తరువాత బీటలువాఱును. భాగముల నతుకుటకు వారు చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపి మక్కు అను ముద్దను చేయుదురు. ఆ ముద్ద అతుకునకే గాక గుంటలను పూడ్చుటకును పనికివచ్చును. చక్రములకు ఏటికొప్పాక పనివారివలె అంకుడు కఱ్ఱను తరిమెనపట్టి గుండ్రముగా తీయించితిమి. ఈ రెండు కఱ్ఱలును దొరకనివారు ఏ తేలికైన చెక్కనైనను వాడవచ్చును.

ఛాసిస్ కొఱకు 5 అంగుళముల పొడవుగల సన్నని పట్టీలు రెండింటిని తీసి, మూడు అడ్డకఱ్ఱలతో కలుపవలెను. ఇరుసునకు ఒక గట్టి తీగ చాలును. సిరా అయిపోయిన పెన్ను గొట్టములోనికి ఆ తీగను దూర్చి, గొట్టమును ఛాసిస్ కు అతికినచో చక్రములు నిరాటంకముగా తిరుగును. తీగ వంకరయున్నచో బండి యొకప్రక్కకు లాగును. కావున అద్దపు పలకపై దొర్లించి పరీక్షింపవలెను.

క్యాబినును ఒకే చెక్కముక్కనుండి తొలిచి, కిటికీలను కోసిన పిమ్మట, కమ్ములలో అంగుళమున ఎనిమిదవ వంతు తగ్గించితిమి. నిజమైన బండిలో నిది 3 అంగుళములకు కొంచెము హెచ్చు. నాలుగు కమ్ములకును ఒకే యెత్తున గుఱుతు పెట్టి కోయవలెను. మోడల్ టి కమ్ములు ఇంచుమించు నిలువుగా నుండుటచే దించిన కప్పు సరిగా వచ్చి కూర్చుండును. వాలుకమ్ములు గల క్రొత్త కార్లలో అట్లు కాదు. కప్పు దిగినకొలది కమ్ముల కొనలు కలియక, కప్పునే కోసి పొడిగింపవలసివచ్చును. మొదటిసారి యీ పని నేర్చువారు పాతబండినే యెన్నుకొనుటకు నిదియొక కారణము.

పిమ్మట తొట్టియడుగున రెండు గాళ్ళను తీసి, దానిని ఛాసిస్ పై మఱియొక ఎనిమిదవ వంతు అంగుళము దించితిమి. వెనుక చక్రములను 1.2 అంగుళములుగనే యుంచి ముందువానిని 1 అంగుళము చేయుటచే, ముందు ఇరుసు అంగుళమున పదియవ వంతు దిగి, బండికి వలసిన వంపు తనంతట వచ్చెను. సరకుల తొట్టి పొడవు 2¼ అంగుళములు, వెడల్పు 1⅝ అంగుళములు, ప్రక్కపలకల ఎత్తు ½ అంగుళము.

రంగునకు ముందు సుద్దపూత పూసి, ఆరనిచ్చి, గరుకుకాగితముతో నునుపు చేయవలెను. ఒక దళసరి పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. జ్వాలలను వ్రాయునపుడు పసుపును ముందు వేసి, తరువాత నారింజవన్నెను, కొనలయందు ఎఱుపును దిద్దవలెను. ముదురురంగుపై లేతరంగు నిలువదు. ఈ పని ముగిసిన దినమున మా బాలుర ముఖములు చూడదగియుండెను.

4. బరువు

ఇచ్చట నొక చిక్కుప్రశ్న యున్నది. పొడవు 25వ వంతైనచో బరువు కూడ 25వ వంతగునా? తరగతిలో సగముమంది అవుననిరి. అది తప్పు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 25వ వంతునకు తగ్గుటచే ఘనపరిమాణము 25 × 25 × 25, అనగా 15,625వ వంతునకు తగ్గును. బండి 700 కిలోలనుకొన్నచో నమూనా 45 గ్రాములుండవలెను. 40 కిలోల మిరపబస్తా, అనగా గుంటూరు యార్డువారు టిక్కీ యనునది, రెండున్నర గ్రాములకు కొంచెము హెచ్చగును. 50 కిలోల మనిషి 3.2 గ్రాములు.

మా చెక్కబండి తూచగా ఇంతకంటె తేలికగా నుండెను. కావున ఛాసిస్ నడుమ ఇనుప వాషర్లను అతికి 45 గ్రాములకు సరిచేసితిమి. తరువాత ఎఱ్ఱని గుడ్డతో పది చిన్న బస్తాలను కుట్టి, ఇసుకపోసి, తూచి తొట్టిలో పేర్చితిమి. మన ప్రాంతపు బండియని యెల్లరును గుఱుతుపట్టవలెనని మా యుద్దేశము.

5. ఒక చిన్నదాని ప్రశ్న

నమూనాను బల్లపై నుంచి అందఱకు చూపుచుండగా, ఆరవ తరగతి బాలిక యొకతె చాలసేపు దానిని పరీక్షించి, “మాస్టారూ, మనుషులేరండీ?” అని యడిగెను. డ్రైవరును తరువాత చేసి పెట్టెదమంటిమి. “డ్రైవరు కాదండీ. మా అమ్మావాళ్ళు కోతకెళ్ళి సాయంత్రం బస్తాల మీద కూర్చునే వస్తారు” అనెను.

మేము కొంతసేపు మాటాడలేకపోతిమి. నమూనాకు ప్రాణము కొలతయని బోధించినవారమే, బండిమీది మనుష్యులను లెక్కలో చేర్చుట మఱచితిమి. ఆ సాయంకాలమే పండ్రెండు మట్టిబొమ్మలను చేయించి, ఒక్కొక్కదానిని 3.2 గ్రాములకు తూచి, బస్తాలమీద ఇరుకుగా కూర్చుండబెట్టించితిమి. మోడల్ టి తొట్టి చిన్నది. అందు పండ్రెండుగురు పట్టుట కష్టమే. మన పొలముల దారులలో తిరుగు చిన్నట్రక్కు తొట్టి దీనికంటె పెద్దది, బండి బరువును హెచ్చు. కావున అంకెలు బండిబండికి మాఱును గాని, ఇక చెప్పబోవు న్యాయము మాఱదు.

6. వాలుపలక పరీక్ష

ఒక పలకకు ఒక అంచున బందులు బిగించి, రెండవ అంచును మెల్లగా నెత్తుటకు వీలుగా నమర్చి, ప్రక్కన కోణమానిని నిలిపితిమి. బండిని పలకకు అడ్డముగా నుంచి, జాఱకుండుటకై క్రిందిచక్రముల కానించి సన్నని పుల్లను కొట్టితిమి. పలకను ఎత్తుచుపోగా ఒకచోట పైచక్రములు లేచి బండి దొర్లును. ఆ కోణమే బండి యోర్చుకొనగల వాలు.

దీనికి కారణము గరిమనాభి. బండి బరువంతయు ఒకచోట కూడియున్నట్లు తలచదగిన బిందువును గరిమనాభి యందురు. ఆ బిందువునుండి వ్రేలాడదీసిన తూకపుదారము క్రిందిచక్రమునకు లోపల పడినంతవఱకు బండి నిలుచును. వెలుపల పడినచో దొర్లును. చక్రముల నడిమి దూరములో సగము, అనగా 1.12 అంగుళములను, గరిమనాభి యెత్తుచే భాగించినచో, పడిపోవు కోణముయొక్క టాంజెంటు వచ్చును. పదవ తరగతివారు ఈ లెక్కను తామే చేయగలరు.

తొట్టిని, కప్పును దించకమునుపు గరిమనాభి యెత్తు 0.9 అంగుళము, పడు కోణము 51 డిగ్రీలు. దించిన పిదప 0.8 అంగుళము, కోణము 54 డిగ్రీలు దాటెను. హాట్ రాడ్ బండి నేలకు దగ్గఱగా నుండుట అందమునకు మాత్రమే కాదని దీనివలన తెలియును. పది బస్తాలను పేర్చగా ఎత్తు 1.05 అంగుళములై, కోణము 47 డిగ్రీలకు తగ్గెను. బస్తాలపై పండ్రెండు బొమ్మలను కూర్చుండబెట్టగా ఎత్తు 1.67 అంగుళములై, కోణము 34 డిగ్రీలకు పడిపోయెను. పలకమీద చూచినదియు, కాగితముమీద లెక్కించినదియు ఒకటి రెండు డిగ్రీల తేడాతో సరిపోయినవి.

ఎన్నో వారములు కోసి, తొలిచి, దించి మేము సంపాదించినది మూడు డిగ్రీలు. బస్తాలును, వానిమీది మనుష్యులును కలసి హరించినది ఇరువది డిగ్రీలు. బస్తాలు బండినంత దింపలేదు. బస్తాలమీద మనుష్యులు కూర్చుండుటయే దింపినది.

రోడ్డు అంత వాలుగా నుండదు గదా యని కొందఱు బాలురు వాదించిరి. ఇది మంచి ప్రశ్న. మలుపు తిరుగునపుడు బండి వెలుపలివైపునకు త్రోయబడును; ఆ త్రోపు వాలుపలక చేసిన పనినే చేయును. 15 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో, పై లెక్కప్రకారము, మనుష్యులతో నిండిన యీ బండి గంటకు 36 కిలోమీటర్ల వేగముననే లోపలి చక్రముల నెత్తును. ఎండిన తారురోడ్డుపై రబ్బరుచక్రపు పట్టు సుమారు 0.7 మొదలు 0.8 వఱకు నుండును. ఒట్టిబండి దొర్లుటకు 1.4 పట్టు కావలెను. కావున అది దొర్లుటకు ముందే జాఱును, డ్రైవరునకు హెచ్చరిక కలుగును. నిండుబండికి 0.67 చాలును; అది జాఱుటకు ముందే దొర్లును, హెచ్చరిక యుండదు. ఇందు స్ప్రింగుల ఊపును, మనుష్యులు ఒకప్రక్కకు ఒరుగుటను మేము లెక్కలో చేర్చలేదు. అవి చేరినచో స్థితి మఱింత చెడ్డది. కాలువకట్టమీద ఒకవైపు చక్రములు రోడ్డుదిగి మట్టిలో కూరుకొన్నచో మలుపు కూడ నక్కఱలేదు.

7. ఈ పాఠ మెవరికి?

మిరపకోత కాలమున మన పల్లెలలో ప్రతిదినమును వేకువనే కూలీలు బండ్లెక్కుదురు. కర్నూలు జిల్లా పడమటి పల్లెలనుండియు కుటుంబములు వలసవచ్చి మన చేలలో కోత కోయుచుండును. వీరిలో స్త్రీలే హెచ్చు. ఎక్కనన్నచో ఆనాటి కూలి పోవును. కావున “ఎక్కకుడు” అని వారికి బోధించుట సులువు, ఆచరించుట కష్టము. ఈ పాఠము ముఖ్యముగా బండిని పిలిపించువారికిని, నడుపువారికిని జెందవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము సరకుల బండిని సరకులకొఱకే యేర్పఱచినది. బస్తాల నొక త్రిప్పునను, మనుష్యులను వేఱొక బండిలోను పంపుట రైతునకు కొంత వ్రయమే. అయినను ఆ వ్రయమెంతయో, దానివలన మిగులునదేమో మా చిన్నబండి చూపినది.

హాట్ రాడ్ యువకుల చరిత్రలోను ఇట్టి మలుపు కలదు. ఎండిన చెఱువులలో మొదలైన పందెములు ఊరి వీధులలోనికి వచ్చి, ప్రజలకు భయకారణములయ్యెను. 1951లో వాలీ పార్క్స్ గారు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ను స్థాపించి, పందెములను వీధులనుండి తప్పించి ప్రత్యేక స్థలములకు చేర్చుటకును, బండ్లను ముందుగా పరీక్షించు నియమమును వ్యాపింపజేయుటకును పాటుపడిరి. 1954లో ఆ సంఘమువారు ఒక బృందమును ఊరూర పంపి రక్షణ నియమములను నేర్పించిరి. బండ్లయందు ప్రేమగలవారే బండ్లకు నియమములను విధించుకొనిరి.

మన వేదపాఠములలో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెననియు, దానిమీదినుండి ఎవడైన పడినచో ఆ దోషము ఇంటివానిదగుననియు నొక యాజ్ఞ కలదు. పడినవాడు జాగ్రత్తగా నుండవలసినదని ఆ యాజ్ఞ చెప్పదు, కట్టినవానిని అడుగును. బండి తొట్టియు నట్టిదే.

విద్యార్థులారా! మీరు ఇంటియొద్ద ఇట్టి నమూనాను చేయుడు. రంగు మీ యిష్టము. చేసిన పిదప పలకమీద నుంచి, మొదట బస్తాలతోను, తరువాత మనుష్యులతోను వాల్చి, మీ తల్లిదండ్రుల యెదుట చూపుడు. మా నమూనా ఇప్పుడు విజ్ఞానశాస్త్రపు గదిలో అద్దపు పెట్టెయందున్నది. పండ్రెండు మట్టిబొమ్మలను బస్తాలమీదనుండి దించి, ఆ బాలిక కోరికపై, అదే కొలతలో చేసిన ఒక చిన్న బస్సులో కూర్చుండబెట్టితిమి.